ఎర్రపెన్ను గారి అభ్యంతరం

"రోగులు నిద్రపోయారని మీకెవరు చెప్పారు?"

నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఆ మనిషి మొట్టమొదట అడిగిన మాట ఇది. ఎముకల వార్డు నర్సు అతనికి అప్పటికప్పుడు 'ఎర్రపెన్ను' అని పేరు పెట్టేసింది. చూసిపెట్టమని ఇచ్చిన పరిశోధన పత్రాన్ని, నెలల తరబడి పడ్డ కష్టాన్ని, మార్జిన్ల నిండా ఎర్రగా గీకి చేతికిస్తే ఇంకేం పేరు పెడుతుంది?

"డ్యూటీ నర్సులు చెప్పారు," అంది, ఒళ్లు మండుతున్నా తమాయించుకుని.

"వాళ్లు చూసింది మూసుకున్న కళ్లని. నిద్ర సంగతి రోగుల్నే అడగాలి కదండీ."

"మీరసలు ఎప్పుడైనా వార్డులో పనిచేశారా?"

"చేశాను. అందుకే అడుగుతున్నా."

ఆమె కాగితాలు లాక్కుని విసవిసా వెళ్లిపోయింది.

బీపీకోసారి, మందుకోసారి, జ్వరం చూడ్డానికోసారి రోగిని రాత్రంతా లేపే బదులు, ఆ పనులన్నీ ఒకేసారి కానిచ్చేస్తే పాపం కంటినిండా నిద్రపోతారని ఆమె పరిశోధన. నర్సుల గౌరవ సంఘం దాన్ని మెచ్చి ఆమెను సభ్యురాలిగా తీసుకుంటే ఆ పద్ధతి ఆసుపత్రి అంతటికీ వెళ్తుంది. లేదంటే ఆమె డ్యూటీతోపాటే ఆగిపోతుంది.

ఇంటికెళ్లి అమ్మ దగ్గర అక్కసంతా వెళ్లగక్కింది. కిందటేడు తుంటి విరిగి అదే వార్డులో పడుకున్న అమ్మ నెమ్మదిగా అంది. "నేనూ కళ్లు మూసుకునే ఉండేదాన్నే. మీరంతా కంగారుపడతారని. నిద్రెక్కడిదీ?"

మర్నాడు ఆమె గర్వం దిగమింగుకుని, అతను కూర్చునే నర్సింగ్ స్కూల్ లైబ్రరీకి వెళ్లింది.

"రోగుల్ని ఏమేం అడగాలో కాస్త చెప్తారా?"

"తిట్టకుండా వింటారా?"

"ప్రయత్నిస్తా."

పొద్దున్నే రోగుల్ని అడిగి రాసుకొచ్చింది ఇద్దరూ కూర్చుని దిద్దేవాళ్లు; సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి. ఒకరోజు వాన పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు. అతను దాన్ని ఆమె ఫైలు మీదికి వంచి పట్టుకుని, తను భుజం దాకా తడుస్తూ నడిచాడు.

"మీరు తడుస్తున్నారు."

"నా చొక్కా ఆరుతుంది. కాగితాలు మళ్లీ రాయాలి."

ఆ భుజాన్ని చూస్తుంటే ఆమెకు ఆ దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపించింది.

అంతలోనే గౌరవ సంఘం వాళ్లు ఆమె పరిశోధనను తేల్చే ముగ్గురు న్యాయనిర్ణేతల్లో అతన్ని ఒకడిగా వేశారు. ఆ రోజు నుంచి లైబ్రరీకి రావడం మానేశాడు. ఎదురుపడినా తల తిప్పుకున్నాడు. పరిశోధన నచ్చలేదు కాబోలు, మొహం మీద చెప్పలేకపోతున్నాడనుకుని ఆమె కుమిలిపోయింది.

సంఘం సభ రోజు అధ్యక్షురాలు, ప్రతిసారీ అడిగేదే, మొక్కుబడిగా అడిగింది. "న్యాయనిర్ణేతల్లో ఎవరికైనా అభ్యర్థితో బంధుత్వం ఉందా?"

ఎర్రపెన్ను లేచి నిలబడ్డాడు.

"నేను తప్పుకుంటానండీ. ఇందులో నాకు ఒక్క తప్పూ కనబడటం లేదు. నిజంగా లేవో, ఆవిడ రాసింది కాబట్టి కనబడటం లేదో తేల్చుకోలేకపోతున్నా."

హాలంతా గొల్లున నవ్వింది.

"బంధుత్వం ఏమిటో చెప్పాలి బాబూ, అది నియమం."

"ఇంకా లేదండీ. ఆవిడ ఒప్పుకుంటే ఉంటుంది."

అతను వెనక వరసకి వెళ్లిపోతే, ఆ కుర్చీలోకి రిటైరైన మేట్రన్ వచ్చి కూర్చుంది. మెచ్చుకోవడం ఎరగని మనిషి. కళ్లద్దాలు సవరించుకుని సూటిగా అడిగింది.

"రోగులు నిద్రపోయారని నీకెవరు చెప్పారమ్మా?"

ఆమె వెనక వరసలోకి చూసింది. అతను తల దించుకుని ఉన్నాడు.

"రోగులే చెప్పారండీ," అంది.

మొదటి చప్పట్లు మేట్రన్‌వే.

సభ్యత్వం బ్యాడ్జిని ఇంట్లోవాళ్లే పెట్టడం ఆ సంఘంలో ఆనవాయితీ. చేతికర్ర పట్టుకుని వచ్చిన అమ్మ, బ్యాడ్జి అందుకుని చుట్టూ చూసి, వెనక వరస దాకా నడిచి అతని చేతిలో పెట్టింది.

"నా చేతులు వణుకుతాయి. నువ్వు పెట్టు నాయనా."

అతను ఆమె ముందుకొచ్చి ఆగిపోయాడు. "ఇది ఇంట్లోవాళ్లే పెట్టాలట కదండీ?"

"తెలుసు. పెట్టండి," అంది ఆమె. "గుచ్చుకోకుండా చూడండి. వార్డు పని మర్చిపోయి చాలా రోజులైంది మీకు."

అతను పెట్టాడు, వంకరగా. ఆమె సరిచేసుకోలేదు.