అమ్మ మోకాలు ఎలా ఉంది?

"ఈ మోకాలు ఎవరిదనుకున్నారు? ఛాంపియన్‌ది," అంది ఫిజియో ఆంటీ.

బెంచీ చివర కూర్చున్న రాకెట్ చటుక్కున తలెత్తింది. ఛాంపియన్ అంటే తనే కదా. కానీ ఆంటీ చూస్తున్నది తన వైపు కాదు. బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్న అమ్మ వైపు.

రాకెట్ అసలు పేరు వేరే ఉంది. క్లాసులో హాజరు వేసేటప్పుడు తప్ప అది ఎక్కడా వినపడదు. వంద మీటర్ల పరుగులో స్కూలు మొత్తానికి ఫస్టు వచ్చినప్పుడు గేమ్స్ సార్ పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో పరుగు అనే మాట వస్తే అది రాకెట్ గురించే. నిన్నమొన్నటిదాకా.

అమ్మ పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. కిందటి స్పోర్ట్స్ డేకి అమ్మలందరికీ సరదాగా ఒక పరుగు పెడితే, చివరి నుంచి రెండో స్థానంలో వచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చుగా. మర్నాటి నుంచి పొద్దున్నే లేచి పరిగెత్తడం మొదలుపెట్టింది. మొదట వీధి చివరిదాకా. తర్వాత పార్కుదాకా. ఇప్పుడు ఏకంగా హాఫ్ మారథాన్. ఇరవై ఒక్క కిలోమీటర్లు. వచ్చే ఆదివారమే.

అంతవరకైతే రాకెట్ ఎలాగో సర్దుకుపోయేదే. కానీ నెల క్రితం మెట్ల మీద కాలు జారి అమ్మ మోకాలు బెణికింది. ఇక అప్పటి నుంచి ఇంట్లో మోకాలిదే రాజ్యం.

ఫిజియో ఆంటీ అమ్మ మోకాలికి ఆసరాగా చుట్టిన పాత టేపు నెమ్మదిగా ఒలిచింది. నీలం రంగు టేపు రోల్ ఒకటి నాన్న చేతిలో పెట్టింది.

"మిగిలింది ఇదేనండీ. సరిగ్గా ఒక్కసారి చుట్టడానికి వస్తుంది. బయట దొరికేవి మీ ఆవిడకి పడవు, దద్దుర్లు వస్తాయి. ఆదివారం నేను ఊళ్ళో ఉండను. నేర్పాను కదా, పొద్దున్నే మీరే చుట్టాలి. అప్పటిదాకా చర్మానికి సెలవు."

"టేపు సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు నాన్న. నాన్న ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఇంట్లో బకెట్ చెవికీ, గొడుగు కర్రకీ, టీవీ రిమోట్‌కీ ఆయన చుట్టిన టేపులే.

"ఇంకో మాట. పరిగెత్తేటప్పుడు మోకాలు పట్టేసినట్టుంటే నడవండి. పొడిచినట్టుంటే ఆగిపోండి. పట్టేస్తే నడక, పొడిస్తే ఆగడం. గుర్తుంటుందా?"

అమ్మా నాన్నా ఒకటో తరగతి పిల్లల్లా తలూపారు. రాకెట్ గోడ మీది ఎముకల బొమ్మని చూస్తూ కూర్చుంది. ఆ బొమ్మని కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఇంటికొచ్చేసరికి లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ తాత లేచి నిలబడ్డాడు. "పాపా, అమ్మ మోకాలు ఎలా ఉంది?"

"పక్కనే ఉందిగా తాతా, దాన్నే అడుగు," అంది రాకెట్.

పాలు పోసే ఆయన అడుగుతాడు. కింది వాటా మామ్మ గారు అడుగుతారు. స్టాంపుల కోసం వచ్చినవాళ్ళు స్టాంపులు మర్చిపోయి మరీ అడుగుతారు. చివరికి లెక్కల టీచర్ కూడా భిన్నాల మధ్యలో ఆగి అడిగింది. నెల రోజుల్లో అమ్మ మోకాలు ఎలా ఉందని అడగనిది రాకెట్ ఒక్కతే.

రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, స్కూలు రిలేలో ఆఖరి రౌండు నాదే, తెలుసా?" అంది.

"శభాష్," అన్నాడు నాన్న, ఐసు ముక్కల సంచీని అమ్మ మోకాలి మీద సర్దుతూ.

ఆ శభాష్ తనకో మోకాలికో రాకెట్‌కి అర్థం కాలేదు. టీవీ పక్కనున్న, పరుగులో తను గెలిచిన కప్పు వైపు చూసింది. అందులో కత్తెర, నొప్పి జెల్ ట్యూబు పెట్టి ఉన్నాయి.

మర్నాడు శుక్రవారం. స్కూలుకి తయారవుతూ రాకెట్ సొరుగు తెరిచింది. నీలం రోల్ ఎదురుగానే ఉంది. కొంచెం తీసుకుంటే ఏమవుతుందిలే అనుకుంది. తలుపు గడియ పెట్టి, కొంచెం కత్తిరించి మోకాలికి అంటించింది. వంకరగా వచ్చింది. పీకేసి ఇంకో ముక్క తీసుకుంది. అది ముడతలు పడింది. మూడోసారి మాత్రం అచ్చం అమ్మ మోకాల్లాగే కుదిరింది. అప్పటికి రోల్‌లో అట్ట చుట్ట తప్ప ఏమీ మిగల్లేదు.

రాకెట్ ఆ చుట్టని తిప్పి తిప్పి చూసింది. అంతలో బస్సు హారన్ వినపడింది. అట్ట చుట్టని సొరుగులో వెనక్కి తోసేసి పరిగెత్తింది. సగం మెట్లు దిగాక గుర్తొచ్చి, కుంటడం మొదలుపెట్టింది.

స్కూల్లో ఆ రోజు పండగే. "అయ్యో, ఏమైందే?" అని అందరికంటే ముందు చిలక పరిగెత్తుకొచ్చింది. చిలక రిలేలో అదనపు మనిషి. ఆపకుండా మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు.

"మెట్ల మీంచి పడ్డాను," అంది రాకెట్ నీరసంగా.

"ఎన్ని మెట్లు?"

"నాలుగు." మొదటి పీరియడ్ అయ్యేసరికి అవి పది అయ్యాయి. మధ్యాహ్నానికి మధ్యలో ఒక కుక్క కూడా వచ్చి చేరింది. ఒకమ్మాయి రాకెట్ సంచీ మోసింది. ఇంకొకమ్మాయి తన బిస్కెట్లు ఇచ్చింది. లెక్కల టీచర్ నోట ఈసారి అమ్మ మోకాలి ఊసే రాలేదు.

సాయంత్రం రిలే ప్రాక్టీసు. గేమ్స్ సార్ చేతులు కట్టుకుని, రాకెట్ మైదానం దాటి రావడం చూస్తూ నిలబడ్డారు.

"ఏ కాలు?"

"ఎడమ కాలు సార్."

"మరి కుడి కాలితో కుంటున్నావేం?"

రాకెట్ కిందికి చూసుకుంది. "నొప్పి ఇటు పాకింది సార్."

సార్ నవ్వలేదు. "తిరిగే నొప్పయితే ఇంకా కష్టం. దెబ్బ తగిలినవాళ్ళని నేను పరిగెత్తించను. నీ బదులు చిలక దిగుతుంది. నువ్వు మెట్ల మీద కూర్చుని నీళ్ళ సీసాలు చూసుకో."

రాకెట్ సీసాల మధ్య కూర్చుంది. విజిల్ మోగిన ప్రతిసారీ మడమలు వాటంతట అవే లేచాయి. ఆఖరి రౌండులో చిలక నోరు తెరుచుకుని, చేతులు ఎటో విసురుతూ పరిగెత్తింది. అలా కాదు, చేతులు దగ్గరగా పెట్టుకోవాలని అరవాలనిపించింది. సీసాలు కాసేవాళ్ళు అరవకూడదేమో అని ఊరుకుంది.

అమ్మ గుర్తొచ్చింది. కాలు జారిన కొత్తలో అమ్మ పొద్దున్నే లేచి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో పరిగెత్తేవాళ్ళని చూస్తూ కూర్చునేది. పక్కనే బూట్లు ఉండేవి. రాకెట్‌కి ఆ జ్ఞాపకం నచ్చలేదు. సీసాల మూతలు ఒక్కొక్కటీ బిగించడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి టేపు ఒలుద్దామని చూసింది. ఒక్క అంచు లాగేసరికి ప్రాణాలు కళ్ళల్లోకి వచ్చాయి. పైజామా కిందికి లాక్కుని వదిలేసింది.

శనివారం సాయంత్రం అమ్మ మంచం మీద అన్నీ పరిచింది. బూట్లు, మేజోళ్ళు, నంబరు కాగితం పిన్ను పెట్టిన టీ షర్టు. చిన్నపిల్లలా ఒక్కొక్కటీ తాకి చూసుకుంది. తర్వాత సొరుగు లాగింది.

"ఏమండీ, టేపేదీ?"

"అందులోనే పెట్టానే."

"ఇదుగో, అట్ట మాత్రం ఉంది. దేనికి చుట్టారు? నిజం చెప్పండి, ఏమీ అనను."

"నేనా? నేనెందుకు చుడతాను?" నాన్న లేచి బకెట్ చెవి చూసొచ్చాడు. గొడుగు చూశాడు. రిమోట్ తిప్పి చూశాడు. ఆయనకే అనుమానం వచ్చింది. "నిన్న వంటింట్లో పైపు కారుతుంటే ఏదో చుట్టాను. కానీ అది నల్లది. నల్లదే అనుకుంటా." పాపం, సింకు కింద దూరి టార్చి వేసి చూశాడు.

రాకెట్ తేలు కుట్టిన దొంగలా పుస్తకం తెరుచుకుని కూర్చుంది. అది తలకిందులుగా ఉందని ఎవరూ గమనించలేదు.

అమ్మ అట్ట చుట్టని చేతిలో తిప్పుతూ కాసేపు కూర్చుంది. "పోనీలెండి. వచ్చే ఏడు చూసుకుందాం," అంది. టీ షర్టు ఒళ్ళోకి తీసుకుని, నంబరుకి ఉన్న పిన్ను ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది.

రేపు అమ్మ ఇంట్లోనే ఉంటుంది. మోకాలి గొడవ ఉండదు. నెల రోజులుగా రాకెట్‌కి కావలసింది అదే. మరి సంతోషం రాదేం?

అమ్మ మూడో పిన్ను మీద చెయ్యి వేసింది.

రాకెట్ లేచి అమ్మ ముందు నిలబడి, పైజామా పైకి లాగింది. నీలం టేపు, అంచులు నల్లబడి, బయటపడింది.

అమ్మ చేతిలోంచి టీ షర్టు జారిపోయింది. చటుక్కున కిందికి వంగి, నొప్పి మోకాలిని నేలకి ఆనించి మరీ, ఆ కాలు పట్టుకుంది. "అయ్యో తల్లీ, ఏమైంది? ఎక్కడ పడ్డావు? నాకు చెప్పలేదేం?"

ఈ మాటలే వినాలని రాకెట్ నెల రోజులుగా ఎదురుచూసింది. ఇప్పుడు వినలేకపోయింది.

"ఏమీ కాలేదమ్మా," అంది. "ఊరికే చుట్టుకున్నాను. అందరూ నీ మోకాలి గురించే అడుగుతుంటే..." ఏడుపు వచ్చింది.

సింకు కింద నుంచి నాన్న తల బయటికి వచ్చింది. "అంటే నేను కాదన్నమాట," అన్నాడు.

"స్కూల్లో కూడా దెబ్బ తగిలిందనే చెప్పావా?" అని అడిగింది అమ్మ.

రాకెట్ తలూపింది. "కుక్క తరిమిందని కూడా."

అమ్మ పెదవుల చివర ఏదో కదిలింది, కానీ గొంతు మారలేదు. "సోమవారం సార్‌కి నువ్వే చెప్పాలి. ఇప్పుడు ఫిజియో ఆంటీకి ఫోన్ చేసి జరిగింది చెప్పు. ఏం చెయ్యాలో అడుగు. నేను చెయ్యను."

ఫోన్ మోగుతున్నంతసేపూ, ఆంటీ తియ్యకపోతే బాగుండుననుకుంది రాకెట్. ఆంటీ తీసింది. అంతా విని నిట్టూర్చింది.

"టేపు లేకుండా పూర్తిగా పరిగెత్తడం కుదరదు. మొదట్లో నేనిచ్చిన గుడ్డ తొడుగు మోకాలికి వేసుకుని, కొంచెం పరుగు, కొంచెం నడక. బాగా ఆలస్యమవుతుంది. చివరిదాకా వెళ్ళగలదో లేదో కూడా చెప్పలేను. నేను చెప్పిన మాట మాత్రం మర్చిపోవద్దను."

"చెప్తాను ఆంటీ," అంది రాకెట్. నంబరు కాగితానికి పిన్నులు తనే మళ్ళీ పెట్టింది.

ఆదివారం ఎండెక్కేసరికి పరుగు దాదాపు అయిపోయింది. గెలిచినవాళ్ళు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. దారికి అటూ ఇటూ కట్టిన తాళ్ళు విప్పేశారు. ఒకాయన ఖాళీ గ్లాసులు ఊడుస్తున్నాడు. చివర్లో గాలి నింపి నిలబెట్టిన పెద్ద గేటు ఒకటే ఊగుతోంది. నాన్న ఐసు సంచీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. సగం ఐసు ఆయన చొక్కా మీదే కరిగింది.

మలుపులో ఒక టీ షర్టు కనిపించింది. అమ్మే. పరుగో నడకో తెలియకుండా వస్తోంది.

రాకెట్ ఒక్క పరుగున వెళ్ళింది. దగ్గరికి చేరగానే వేగం తగ్గించి పక్కన నడవడం మొదలుపెట్టింది. అమ్మ మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నువ్వు పరిగెత్తి వెళ్ళు. నేనొస్తాలే," అంది అమ్మ ఆయాసపడుతూ.

రాకెట్ వెళ్ళలేదు. నాలుగడుగులు వేసింది. తర్వాత అడిగింది.

"అమ్మా, మోకాలు ఎలా ఉంది?"

అమ్మ తల తిప్పి చూసింది. నెల రోజులుగా ఆ ప్రశ్నకి అమ్మ అందరికీ చెప్పిన జవాబు ఒకటే, పర్లేదండీ అని.

"నొప్పిగానే ఉందే," అంది.

"పట్టేసినట్టా, పొడిచినట్టా?"

"నీకు గుర్తుందా అది?"

"ముందు చెప్పు."

"పట్టేసినట్టే."

"అయితే నడుద్దాం. పొడిస్తే మాత్రం ఆగిపోవాలి. నాన్నని పిలుస్తాను."

ఇద్దరూ నడిచారు. రాకెట్ జన్మలో వేయనంత చిన్న అడుగులు వేసింది. పార్కులో నడిచే ముసలాయన ఒకాయన వాళ్ళని దాటి వెళ్ళిపోయాడు. రాకెట్ ఆయన్ని వెళ్ళనిచ్చింది.

గేటు దగ్గర ఒకతను గాలి తీయడానికి వంగాడు. "ఆగరా, ఇంకా ఇద్దరొస్తున్నారు," అని కేకేశాడు గ్లాసులు ఊడ్చే ఆయన.

"ఇద్దరు కాదు అంకుల్, ఒక్కరే," అంది రాకెట్. "మా అమ్మ. నేను ఊరికే పక్కన నడుస్తున్నాను."

రోడ్డు మీద తెల్లగీత దగ్గరపడింది. గీత కనపడితే రాకెట్ కాళ్ళు మాట వినవు. అరికాళ్ళలో అప్పుడే చక్కిలిగిలి మొదలైంది.

గీతకి ఒక్క అడుగు ఇవతల రాకెట్ ఆగింది.

అమ్మ దాటింది.