మనిషికి సోలెడు

తెల్లవారి చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దారి పట్టే వేళకు లింగవ్వ బియ్యం డబ్బా మూత తీసింది. ఆ ఇంట్లో రోజు అట్లాగే మొదలవుతుంది. మనిషికి సోలెడు చొప్పున ఇత్తడి సోలతో కొలిచి చేటలో పోస్తుంది. మిగిలిన బియ్యాన్ని చదును చేసి, దాని మీద అరచేయి ఒత్తి మూత పెడుతుంది. కళ్ళంలో వడ్ల రాశి మీద బూడిద ముద్ర వేస్తారే, అలాంటిదే ఇదీ. ఎవరు చెయ్యి పెట్టినా అచ్చు చెదిరిపోతుంది.

ఆ రోజు అచ్చులో బొటనవేలు లేదు.

"తారా!"

కోడలు తారాబాయి మూడు నెలల పాపను ఒళ్ళో వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. అత్త కేకకు లేచి నిలబడింది గాని జవాబు చెప్పలేదు.

"నోరు తెరువు."

తార తల అడ్డంగా ఊపింది.

"తెరువంటున్ననా!" లింగవ్వ కోడలి దవడలు పట్టుకుని నొక్కింది. నాలుక మీద తెల్లటి పిండి, పంటి సందుల్లో సగం నమిలిన పచ్చి బియ్యం. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నేను పట్టిన. దోసిట్ల ఉమ్మి, నా కొడుక్కు సూపెట్టు."

ఆకలి రుచెరుగదని అందరూ అంటారు. పచ్చి బియ్యం బుక్కేదాకా వచ్చిన మనిషిని ఎంత ఆకలైందని మాత్రం ఒక్కరూ అడగరు. బర్రె దగ్గర నుంచి వచ్చిన దేవిదాస్ కూడా అడగలేదు. పెళ్ళాం దోసిట్లో ఎంగిలి బియ్యం చూసి అతని మొహం నల్లబడింది.

అతని బాధ వేరు. పదేళ్ళ కిందట వాళ్ళ రెండెకరాల్లో ఒక్క పంట రావడమే గగనం. నలుగురు చిన్న రైతులు కలిసి బోరు వేయించుకున్నారు, కొత్త రకం వరి పెట్టారు, ఇప్పుడు ఏటా రెండు పంటలు. ఒక్క గుమ్మి కూడా నిండని ఇంట్లో మూడు గుమ్ములు వడ్లతో నిండి ఉన్నాయి. మొన్ననే బోధన్‌లో సభ పెట్టి, ఇలాంటి రైతుల వల్లే ఊళ్ళలో ఆకలి పోయిందని అతనికి శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా దండెం మీదే ఉంది.

"దొంగతనమెందుకే? నీకేం తక్కువైంది?"

"ఆకలైంది."

"ఆకలా? మొన్న మైకు పట్టుకొని మా ఇంట్ల ఆకలన్న మాటే లేదని సెప్పిన. నా ఇజ్జత్ తీస్తవా?"

"నువ్వు ముందు గూసొని రెండు మార్లు అన్నం ఏసుకుంటవు. గిన్నెల మిగిలిందే నాకు," అంది తార. "పాపకు పాలు ఎక్కడికెల్లి వస్తయ్?"

లింగవ్వకు ఒళ్ళు మండింది. "నేను తక్కువ పోస్తున్ననా? మనిషికి సోలెడు. సోలెడు తిని గూడ ఆకలంటవ్, నీది కడుపా, గుమ్మా?"

"కడుపుతోటున్నప్పుడు అడిగితె గదే మాటన్నరు. పోయినేడు పురుగు వట్టిన బస్తెడు బియ్యం బర్రెకు పెట్టిండ్రు. నా ముందట్నే పెట్టిండ్రు."

"బర్రె పాలన్న ఇస్తది!"

ఆ మాటకు తార చేతుల్లోని బియ్యం నేల మీద రాలాయి. కొడుకైనా అడ్డుపడాల్సింది. అతను అడ్డుపడకపోగా, "మాపటి బస్సుకు మీ తల్లిగారింటికి పో. దేవిదాస్ ఇంట్ల తిండి దొరకదని ఊరూరా సెప్పుకో," అన్నాడు.

తార ఏడవలేదు. లోపలికి పోయి రెండు చీరలు, పాప గుడ్డలు మూట కట్టి గడప పక్కన పెట్టింది.

అప్పుడే నర్సు అనసూయమ్మ వచ్చింది. నెలకోసారి వచ్చి పసిపిల్లల తూకం చూస్తుంది. దూలానికి కాంటా తగిలించి, సంచిలో పాపను పడుకోబెట్టి, ముల్లు చూసి నొసలు ముడిచింది.

"పోయిన నెల కంటె పావుకిలో తగ్గింది. ఈ ఈడు పిల్ల పెరగాలె గాని తగ్గుడేంది? ఇట్లనే ఉంటె పాప దక్కదు. తల్లికి తిండి సరిగ్గ పెడుతున్నరా?"

"పూటకు సోలెడు," అంది లింగవ్వ దర్జాగా.

"సోలెడు మంచిదే. మరి పాలెందుకు పడతలెవ్వు?" నర్సు తార వైపు చూసింది. అందరూ తార వైపే చూశారు, తప్పంతా ఆ ఎండిన రొమ్ములదే అయినట్టు.

తార కాసేపు ఆలోచించింది. "మా తల్లిగారింట్ల మా అవ్వ గూడ సోలెడే పోసేది. కడుపు నిండేది. గీ సోలెడే ఎందుకు నిండదు?" అంటూ లోపలికి పోయి నూనె కొలిచే గిద్దె, చెంబెడు నీళ్ళు తెచ్చింది. నాలుగు గిద్దెలు ఒక సోల అని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఇత్తడి సోలలో ఒక గిద్దె నీళ్ళు పోసింది. రెండు పోసింది. మూడోది సగం పోయగానే నీళ్ళు అంచు దాటి నేల మీద పారాయి.

దేవిదాస్ సోలను వంచి నీళ్ళు పారబోసి, అడుగున వేలు పెట్టి చూశాడు. అడుగు గుప్పెడంత లోపలికి సొట్టబడి ఉంది.

ఆ సొట్ట అతనికి కొత్త కాదు. డెబ్బై రెండు కరువులో అతనికి పదేళ్ళు. ఇదే సోలను రోటి మీద బోర్లించి అతనే పట్టుకున్నాడు, తల్లి లింగవ్వ రోకలితో కొట్టింది. "ఎవలకు సెప్పకు బిడ్డా. సోలెడు తిన్నమనుకుంటె సగం ఆకలి సస్తది," అంది. అన్నీ తెలిసిన మనిషి, కడుపు నిండాక మర్చిపోయాడు. కరువు పోయాక తన కంచంలో ఎప్పుడూ తక్కువ పడలేదు గనక గుర్తు రావాల్సిన అవసరమే రాలేదు.

"కరువు పోయి పదహారేండ్లాయె గదవ్వా. ఎందుకు సక్కజేయించలె?"

"బోరు ఎండిపోతె ఏం తింటవురా? మల్ల గా దినాలొస్తె?"

"గందుకేనా?"

లింగవ్వ గోడకు ఆనుకుంది.

"అంజి యాదికున్నదా అవ్వా?" అన్నాడు దేవిదాస్. అంజి అతని చెల్లెలు, ఆ కరువులోనే పోయింది. నాలుగేళ్ళ పిల్ల. "సోలెడు తిన్న గదవ్వా, మరి ఆకలెందుకు పోతలేదని అడిగింది. నువ్వేమన్నవ్?"

"వద్దు బిడ్డా."

"నీది కడుపా, గుమ్మా అన్నవ్. నేను పక్కన్నే పండుకొని ఇన్న."

ముసలామె కూలబడి నేల మీద అరచేతులతో కొట్టుకుంటూ ఏడ్చింది. "సొట్ట తీపిస్తె నా బిడ్డ కడుపు నేనే కొట్టినని ఒప్పుకున్నట్టు గాదారా! గందుకే తియ్యలె. గదే మాట ఈ పొల్లను గూడ అన్న... నా నోరు పడిపోను!"

దేవిదాస్ కళ్ళు తుడుచుకుని, రోకలి అందుకుని సోలను రోటి మీద పెట్టబోయాడు. శాలువా కప్పించుకున్న ఆ భుజాలు సిగ్గుతో వంగిపోయి ఉన్నాయి.

"అది తర్వాత," అంది తార. "నాకు ముందు అన్నం గావాలె. బస్సుకు ఇంక టైమున్నది."

లింగవ్వ లేచింది. డబ్బాలో రెండు చేతులూ ముంచి, దోసిళ్ళతో బియ్యం తీసి ఎసట్లో పోసింది. అచ్చు వేయలేదు, మూత కూడా పెట్టలేదు. ఉడికాక కొడుకు కంటే ముందు కోడలికి వడ్డించింది. తార తలెత్తకుండా తిన్నది, ఒక చేత్తో పాపను పట్టుకుని. కన్నీళ్ళు అన్నంలో పడుతున్నా ఆగలేదు. కంచం రెండుసార్లు ఖాళీ అయింది. మూట గడప పక్కనే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లింగవ్వ గరిటె పట్టుకుని ఎదురుగా కూర్చుని, భయం భయంగా అడిగింది.

"కడుపు నిండిందా బిడ్డా?"

"నిండలే," అంది తార.

లింగవ్వ మళ్ళీ వడ్డించింది.