తేరుగంటకు లొంగనిది

తేరుగంట మోగేసరికి ‘సాగరమేఖల’ పైడెక్కు మీద నవ్వులన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. క్షణం కిందటి వరకూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ఊగుతూ పాడుతున్నవాళ్లు నిటారుగా నిలబడి, చొక్కాలు సర్దుకున్నారు. చిన్ననాటి స్నేహితుణ్ణి తలుచుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్న ఒక పెద్దమనిషి ఏడుపు సగంలో ఆపి, ముక్కు తుడుచుకుని, భోజనాల వరుసలో చేరాడు. ఎవరూ వింతగా చూడలేదు. ఇరవై ఏళ్లకు పైగా లోకం ఇలాగే తాగుతోంది, ఇలాగే తేరుకుంటోంది.

తేటమత్తు వచ్చాక పాత సారాయీ బ్రాందీలూ అడిగేవాళ్లు లేక మూలపడ్డాయి. తేటమత్తులో ఉండే సన్నని రేణువులు ఒంట్లో మత్తు పుట్టిస్తాయి. గంట వినబడగానే చల్లారిపోతాయి. గంట మోగిన నిమిషంలో తాగినవాడు లెక్కలు వేయగలడు, బండి నడపగలడు, పెళ్లాంతో మర్యాదగా మాట్లాడగలడు. ఊరూరా రాత్రి భోజనాల వేళకు గంట కొట్టడం, అందరూ బుద్ధిమంతులై ఇళ్లకు పోవడం అలవాటైపోయింది. ఎవరు ఎంత మత్తులో ఉన్నదీ ముంజేతికి ఉండే నాడికంకణం చెబుతుంది. ఒంట్లో మత్తుంటే ఎర్రన, లేకపోతే పచ్చన.

హైమవతికి ఆ గంటంటే ప్రాణం. భర్త వీరభద్రం కంకణం మీద ఎరుపు పోయి పచ్చ వెలగడం చూసి, తేలిగ్గా ఊపిరి తీసుకుంది. కడియంలో వాళ్లది పెద్ద నర్సరీ. అంటుకట్టడంలో వీరభద్రం చేతికి తిరుగులేదని చుట్టుపక్కల పేరు. ఆ చెయ్యి రోజూ పొద్దున్నే ఎరువుల గదిలో దేనికోసం తడుముకుంటుందో మాత్రం హైమవతికి తప్ప ఎవరికీ తెలియదు. తేటమత్తు ఇంటింటికీ వచ్చినా అతను పాత సారాను వదల్లేదు. గంట కొట్టినా దిగని మత్తు అది. ఆమె బతిమాలింది, అలిగింది, మాట్లాడ్డం మానేసింది. ఏదీ పనిచేయక చివరికి ఈ ఓడ ప్రయాణం పెట్టింది. విశాఖలో ఎక్కితే అండమాన్ చేరేదాకా దిగేది లేదు, ఎక్కే చోట వాసనద్వారం సారా బొట్టును కూడా పసిగడుతుంది. బయల్దేరే ముందు పెట్టెలో బట్టల మధ్య దొరికిన సీసాను తీసి ఇంట్లోనే వదిలేసింది. అతనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

భోజనాల దగ్గర వీరభద్రం చేతిలో గరిట వణికి చారు పంచె మీద ఒలికింది.

“ఏంటండీ, చలేస్తోందా?” అంది హైమవతి.

“ఓడ ఊగుతోందిగా,” అన్నాడతను, చెయ్యి పంచెలో దాచుకుంటూ.

ఓడ ఊగడం లేదు. అలవాటు వదిలేటప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలనుకుని ఆమె లోలోపల సంతోషించింది.

ఆ రాత్రే భోజనాలయ్యాక ప్రయాణికుల సభ జరిగింది. కింది అంతస్తులో ఎవరి గదిలోంచో పాత సారా వాసన వచ్చిందని ఓడలోని యంత్రం కనిపెట్టింది. సొంత మందు ఓడలోకి తెచ్చుకోనివ్వాలా వద్దా అన్నది ఓడ ఎక్కినవాళ్లే తేల్చుకోవాలని కెప్టెన్ వాళ్లకే వదిలేశాడు. హాలు కిటకిటలాడింది.

తెచ్చుకోనివ్వాలన్న పక్షాన లేచినవాడు కామేశ్వరం. రాజోలు వైపు మనిషి, రిటైరైన హెడ్మాస్టరు, కోడలితో కలిసి ఎక్కాడు.

“అయ్యా, ఈ తేటమత్తు ఎవరిదండీ? గంట కొట్టేవాడిది. నా కళ్లు తిరగాలన్నా మానాలన్నా ఇంకోడి దయే అయితే, ఇహ నేను పుచ్చుకున్నట్టా, వాడు నాకు పట్టించినట్టా?” అన్నాడు. హాలంతా నవ్వులు.

“పోనీ, ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని పుచ్చుకుంటే ఎవరికేం నష్టమండీ?” అని వెనకనుంచి ఒకావిడ అడిగింది.

హైమవతి లేచింది. సభల్లో మాట్లాడడం ఆమెకు కొత్తేం కాదు, కానీ ఆ రోజు గొంతులో ఉన్న వేడి వేరు.

“ఇంట్లో తలుపేసుకుంటే ఏం పోతుందో నాకు తెలుసండీ. ఇంట్లోవాళ్ల నిద్ర పోతుంది. ఇక ఇది ఓడ. బయట వాయుగుండం తిరుగుతోందని పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నారు. ఏదైనా అయితే తేరుగంట కొట్టగానే అందరం లేచి పడవలెక్కాలి. లేవలేనివాడు ఒక్కడున్నా వాణ్ణి మొయ్యడానికి నలుగురు ఆగాలి. ఆ నలుగురి పిల్లలకి ఎవరు జవాబు చెబుతారండీ?”

చప్పట్లు మోగాయి. కంకణాల మీద ఓట్లు పడ్డాయి. సీసాలున్నవాళ్లు తెల్లవారి తెచ్చి ఇచ్చేస్తే క్షమాపణ. తరవాత దొరికితే అండమాన్‌లోనే దింపేసి, ఇక ఏ ఓడా ఎక్కనివ్వకుండా పేరు రాసేస్తారు. ఆ క్షమాపణ ఆలోచన కూడా హైమవతిదే.

పొద్దున డెక్కు మీద పండగలా జరిగింది. వాసనద్వారం కళ్లుగప్పి ఇన్ని సీసాలు ఎలా వచ్చాయా అని జనం ముక్కున వేలేసుకున్నారు. కొబ్బరినూనె డబ్బాల్లోంచి, ఊరగాయ జాడీల అడుగునుంచి, పసిపిల్లల పాలపొడి కిందనుంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సీసా తెచ్చినవాళ్లు తలొంచుకుని ఇచ్చి, తలొంచుకునే వెళ్లిపోయారు. కామేశ్వరం కూడా ఒకటి తెచ్చి, “ఓడిపోయాం కదండీ మరి,” అని నవ్వుతూ హైమవతి చేతికిచ్చాడు. అన్నిటినీ సముద్రంలో ఒంపేశారు. ఆఖరిది హైమవతి చేత ఒంపించారు.

మధ్యాహ్నం గదిలోకి వెళ్లేసరికి వీరభద్రం మంచం మీద కూర్చుని అంటు కడుతున్నాడు. చేతిలో కొమ్మ లేదు, చాకు లేదు, దారం లేదు. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య లేని కొమ్మను పట్టుకుని, కుడిచేత్తో లేని దారాన్ని చుట్టూ తిప్పుతున్నాడు. చుట్టిందల్లా జారిపోతున్నట్టు మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఒళ్లంతా చెమట.

“ఏవండీ!”

“తొక్కకు, హైమా. అక్కడన్నీ మొక్కలే. చీమలు పట్టేస్తున్నాయి,” అన్నాడతను, ఆమె కాళ్లకేసి భయంగా చూస్తూ.

ఆమె అతని ముంజేయి పట్టుకుని చూసింది. కంకణం నిండు పచ్చగా వెలుగుతోంది. మత్తు శూన్యం, ఆరోగ్యం భేషు.

ఓడలో డాక్టరు నిర్మయి ముప్పై దాటని పిల్ల. పరీక్షలన్నీ చేసింది, యంత్రాన్ని అడిగింది, తెల్లమొహం వేసింది. ఒడ్డున కాకినాడలో ఉన్న తన ముసలి గురువుగారిని తెర మీదికి పిలిచింది. ఆయన వీరభద్రం వేళ్లు ఆడుతున్న తీరు చూడగానే కళ్లజోడు తీసేశాడు.

“ఇతను రోజూ పాత సారా పుచ్చుకునేవాడా అమ్మా?”

హైమవతి తల ఊపింది.

“ఎన్నాళ్లయింది మానేసి?”

“ఓడ ఎక్కినప్పటినుంచి. నేనే మానిపించానండీ.”

“ఒక్కసారిగా మానిపించకూడదమ్మా. అలవాటు పడ్డ ఒంటికి అది అందకపోతే మూర్ఛలొస్తాయి, గుండె ఆగిపోవచ్చు. మా రోజుల్లో ప్రతి వార్డులోనూ చూసేవాళ్లం. ఇప్పటి పిల్లలకి ఈ పాఠమే లేదు.” నిర్మయి వైపు తిరిగి ఒక మందు పేరు చెప్పాడు.

మందు ఉంది. మందులబీరువా మాత్రం తెరుచుకోలేదు. కంకణం జబ్బుందని చెబితే తప్ప ఆ అర కదలదు, కంకణమేమో పచ్చగా ఉంది. దానికి మత్తు ఎక్కువైతేనే ప్రమాదం. మత్తు లేకపోవడం వల్ల మనిషి చస్తాడని దానికి ఎవరూ నేర్పలేదు. కెప్టెన్ కంపెనీకి కబురు పెట్టాడు. ప్రయాణికుడు పూర్తి ఆరోగ్యంగా ఉన్నాడని అక్కడి యంత్రం మర్యాదగా జవాబిచ్చింది. వాయుగుండం వల్ల హెలికాప్టరు రాదు. రేవు ఇంకా రెండు రోజుల దూరంలో ఉంది.

“అయితే దారి ఒక్కటే. తేటమత్తు దీనికి పనికిరాదు, కొద్దికొద్దిగా సారాయే పట్టించండి. డాక్టరు దగ్గరుండి కొలిచి పోయాలి. వేరే దిక్కు లేదు కాబట్టి చెబుతున్నా,” అన్నాడు గురువుగారు.

పొద్దున తన చేత్తో ఒంపిన సీసా హైమవతికి గుర్తొచ్చింది.

సాయంత్రం హాల్లో తేటమత్తు పంచుతున్న వేళ ఆమె వేదిక ఎక్కింది. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నదంతా అందరి ముందూ చెప్పేసింది. మా ఆయన తాగుబోతు అంది. చావుబతుకుల్లో ఉన్నాడంది. “ఎవరి దగ్గరైనా ఒక్క సీసా మిగిలుంటే పెట్టండి బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను.”

ఎవరూ కదల్లేదు. వందల మొహాలు బిగుసుకుపోయి ఆమెనే చూశాయి. అందులో జాలి ఉంది. జాలికన్నా భయం ఎక్కువ ఉంది.

“నిన్న తీర్మానం చేయించి, ఇవాళ మిగిలినవాళ్లని పట్టుకోడానికొచ్చారా?” అన్నాడు ఒక కుర్రవాడు మెల్లగా.

“నిజం బాబూ! వచ్చి చూడు!” అని ఆమె అరిచింది. అంత బాగా మాట్లాడే మనిషి అరిస్తే నాటకంలాగే వినిపించింది. నిన్న ఆమెను నమ్మడం వల్లే ఇవాళ నమ్మలేకపోయారు. ఒక్కొక్కరే గ్లాసులు పట్టుకుని పక్కకు జరిగారు.

గదికి తిరిగొస్తుంటే నడవ మలుపులో కామేశ్వరం నిలబడి ఉన్నాడు. ఉత్తరీయం కిందనుంచి ఒక చిన్న సీసా తీశాడు. సగానికి పైగా ఉంది. సీసాకంతా ఆవకాయ నూనె.

“జాడీలో రెండు పెట్టానమ్మా. ఒకటి ఇచ్చి, ఒకటి ఉంచుకున్నాను. మా కోడలికి తెలీదు.”

“మరి మీకో, మేష్టారూ?”

“నాకేం? అప్పుడప్పుడూ సరదాకి పుచ్చుకునేవాణ్ణి. మీరు వెళ్లండి.”

ఆయన మాట నమ్మడం ఆమెకు అవసరం. అందుకని నమ్మింది. ఆయన మొహం కేసి రెండోసారి చూడకుండా పరుగెత్తింది.

నిర్మయి కొలిచి ఇస్తుంటే ఆ సారాను హైమవతే భర్త నోట్లో పోసింది. ముప్పై ఏళ్లు ఏ వాసన కోసం అతని చొక్కాలు ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చిందో, ఆ వాసన గదంతా నిండింది. అతని వేళ్లు మెల్లగా కొమ్మను వదిలేశాయి. తెల్లవారేసరికి కళ్లలో మళ్లీ ఆ పాత మనిషి కనిపించాడు.

“నువ్వు పోశావా?” అన్నాడు, నమ్మలేనట్టు.

“మాట్లాడకండి. పడుకోండి,” అని ఆమె అతని నుదురు తుడిచింది.

సీసాలో మిగిలింది రేవు చేరేదాకా ఇతనికి బొటాబొటిగా సరిపోతుందని నిర్మయి చెప్పింది. హైమవతికి కాస్త ఆకలనిపించి, కాఫీ కోసం భోజనాల హాలుకు వెళ్లింది.

లోపల అడుగు పెట్టగానే ఏదో చప్పుడు. సాసర్ల మీద కప్పులు టకటకమంటున్నాయి. ఒక బల్ల దగ్గర కాదు, అక్కడా ఇక్కడా. ఓడ ఊగుతోందేమోనని కాళ్ల కింద నేలను గమనించింది. ఊగడం లేదు. ఆమెను చూడగానే నిన్న సీసా ఇచ్చిన నడివయసు మనిషొకడు కప్పు వదిలేసి చేతులు బల్ల కిందికి దాచుకున్నాడు. అవతలి బల్ల దగ్గర ఒకావిడ చేతులు కొంగులో చుట్టుకుంది. అందరి కంకణాలూ చిలకపచ్చగా వెలుగుతున్నాయి. గోడ మీది తెరలో ‘ప్రయాణికులందరూ క్షేమం’ అని వస్తోంది.

కామేశ్వరం కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన కోడలు వంటగది కిటికీ దగ్గర గిన్నెలో మంచుముక్కలు వేయించుకుంటోంది.

“మేష్టారు రాలేదేం అమ్మా?”

ఆ పిల్ల ఉలిక్కిపడింది. “కాస్త నలతగా ఉందండీ. ఏం లేదు. బాగానే ఉన్నారు,” అంటూ గిన్నె కొంగు చాటున పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

హైమవతి గదికి వచ్చి బల్ల ముందు నిలబడింది. భర్త నిద్రపోతున్నాడు, పక్కన నిర్మయి కాపలా ఉంది. ఊపిరి ఇప్పుడిప్పుడే సమంగా ఆడుతోంది. సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. సగం తీస్తే ఇతనికి చాలుతుందా అని నిర్మయిని అడిగింది. “చెప్పలేనమ్మా,” అంది ఆ పిల్ల, కళ్లలో నీళ్లతో. హైమవతి గుండె రాయి చేసుకుని సగం గ్లాసులోకి ఒంపి భర్త తలగడ దగ్గర పెట్టింది. సీసా పట్టుకుని కింది అంతస్తుకు దిగింది.

తలుపు కొట్టింది. లోపల కామేశ్వరం గొంతు వినిపిస్తోంది. ఆ గదిలో లేని పిల్లలకు హాజరు పిలుస్తున్నాడు. పలకని పేరునే మళ్లీ మళ్లీ పిలుస్తూ, చివరికి ఏడుస్తున్నాడు.

తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులోంచి కోడలి కళ్లు హైమవతిని చూసి, చేతిలోని సీసాను చూసి పెద్దవయ్యాయి.

“అది మాది కాదండీ! మావయ్యగారు నిన్ననే ఇచ్చేశారు. మా దగ్గర ఇంకేం లేవు, దేవుడి మీద ఒట్టు. మమ్మల్ని దింపెయ్యకండి!”

తలుపు మూసుకుంది. హైమవతి రెండు చేతులతోనూ తలుపు మీద బాదింది.

“తియ్యమ్మా! తీసుకోడానికి రాలేదు తల్లీ, ఇవ్వడానికొచ్చాను!”

లోపల గడియ పడింది. ఆ వెనకే, తలుపుకు అడ్డంగా మంచం లాగుతున్న చప్పుడు వినిపించింది.