తొంభై ఒకటో అక్షాంశం

సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్లో చలి ఎంతటిదంటే, ఉమ్మితే నేలమీద పడేలోపే గోళీకాయ అవుతుంది. నమ్మకపోతే మానండి. సాయంత్రం నాలుగింటికే చీకటి. మంచు తోసే ట్రక్కుల షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చున్న సిగ్నే రౌటియో, ఏనుగు స్నానానికి సరిపడా కాఫీ అప్పటికే తాగేసింది.

ఏ ట్రక్కు ఎక్కడుందో నమోదు చెయ్యడానికి ఆ పొద్దున్నే డేటాబేస్‌లో పాయింట్ కాలమ్ పెట్టింది. ఒక్కో గడిలో అక్షాంశం, రేఖాంశం అని రెండంకెలు, వాటితో భూమ్మీద ఒక చుక్క. తుఫానులో డ్రైవరుకి ట్రక్కులోని తెర దారి చూపించేది ఆ చుక్కని బట్టే. ఐదు ట్రక్కులు షెడ్డులోనే ఉన్నాయి. ఆరోది తీసుకుని తమ్ముడు ఆర్వో ఒక్కడే బయటికెళ్లాడు.

తీరా చూస్తే మ్యాపులో ఒక్క చుక్కా లేదు.

గడి తెరిచి నాలిక్కరుచుకుంది. మ్యాపు గీసే ప్రోగ్రాముకి రేఖాంశం ముందివ్వాలి. తను అందరూ పలికే వరసలో అక్షాంశం ముందిచ్చింది. ఆ ఊరి రేఖాంశం కాస్తా అక్షాంశమై కూర్చుని, ఇప్పుడు ఆర్వో అక్షాంశం మైనస్ తొంభై ఒకటి. దక్షిణ ధ్రువం దగ్గర, తొంభైతోనే భూమి అయిపోతుంది! ఆ కాలమ్‌కి అంకెలుంటే చాలు, అలాంటి చోటు ఉందా అని అడగదు.

రేడియో అందుకుంది. "ఒరేయ్, అంకెలు తారుమారు చేశాను, తెర చూసి నడపకు. ఎక్కడున్నావురా?"

"తెర చెప్పిన దారిలోనే అక్కా. భలే రోడ్డు. మంచే లేదు." గొంతు తగ్గింది. "ముందు ట్రక్కులున్నాయే... బోలెడు. లైట్లార్పి, వరసగా. మనవి కావు."

"వెనక్కి తిప్పు."

"ఎవరో పిలుస్తున్నారు... నా పేరు పెట్టి..."

"దిగకు!"

తలుపు చప్పుడు. తర్వాత గరగర.

సిగ్నే రెండంకెలూ అటూ ఇటూ మార్చి సేవ్ చేసింది. మ్యాపులో ఆరో ట్రక్కు చుక్క వెలిగింది, షెడ్డు గుమ్మంలోనే. బయట ఇంజను ఆగింది. ఆర్వో లోపలికొచ్చి హీటరు పక్కన కూర్చున్నాడు.

"చంపేశావురా!" అంటూ ఏడుస్తూ నవ్వింది. కాఫీ ఇచ్చింది. వాడు తాగలేదు.

రేడియో గరగరలాడింది.

"అక్కా... చేతి రేడియోలో మాట్లాడుతున్నా. నేను దిగానే... ట్రక్కు లేదు. ఎవడో ఎక్కేశాడు... అక్కా, ఆ అంకెలు మళ్లీ మార్చవా?"

సిగ్నే చెయ్యి మెల్లగా కీబోర్డు మీదికి జరిగింది.

"వద్దక్కా," అన్నాడు హీటరు పక్కనున్నవాడు, మెత్తగా.

వాడు హీటరు పక్కన కూర్చుని పావుగంటైంది. వాడి బూట్ల మీద మంచు ఇంకా కరగలేదు.