కుక్కని పట్టుకోండి

మా పాత కుక్క పోయిన చలికాలంలో చనిపోయింది. జబ్బేమీ లేదు, ముసలిదై పోయింది. అది పోయిన పది రోజులకే తోడేళ్ళు దొడ్డిలోకి దూకి తొమ్మిది గొర్రెల్ని చంపాయి. తిన్నది ఒక్కదాన్నే. మిగతావాటిని ఊరికే గొంతులు కొరికి వదిలేశాయి. పొద్దున్నే మంచు మీద ఆ ఎరుపు చూసి మా ఆయన మెదెర్ పార తెచ్చి, దాని మీద కొత్త మంచు కప్పడం మొదలెట్టాడు.

కుక్కపిల్లని తెచ్చుకుంటే అది మందకి పనికొచ్చేసరికి రెండేళ్ళు పడుతుంది. వేసవి రాగానే మేం గొర్రెల్ని తోలుకుని కొండ మీది పచ్చికకి పోవాలి. అందుకని మార్చిలో, రెండు నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని, రాజధాని బిష్కెక్ శివార్లలో దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్‌కి వెళ్ళాం. ఉడికించిన ఎముకల వాసన, తడి గడ్డి వాసన. రెండొందల కుక్కలు ఒక్కసారే మొరుగుతున్నాయి. చివరి గదిలోది మాత్రం మొరగలేదు. లేచి నిలబడి మావైపు చూసింది. దూడంత ఉంది. బూడిద రంగు. తోడేళ్ళకి పట్టు దొరక్కుండా చెవులు మొదలంటా కోసేసి ఉన్నాయి.

"దీని పేరు బోజ్," అంది షెల్టర్ నడిపే లిడియా. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న రష్యా ఆవిడ. "అలబాయ్, మందల్ని కాసే జాతి. డెబ్భై కిలోలు. మందలో పుట్టినదే."

"కరుస్తుందా?" అన్నాడు మెదెర్.

"కరవదు. కానీ రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి వదిలేశారు."

"ఏం?"

"ఇంటికొచ్చినవాళ్ళని రానివ్వడం లేదన్నారు."

మెదెర్ నవ్వాడు. "మా చుట్టాలొస్తే నాకూ అరవాలనే ఉంటుంది లెండి. ఇచ్చెయ్యండి."

దత్తత కాగితంలో చాలా షరతులున్నాయి. గొలుసుతో కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు. సంతకం చేస్తుంటే లిడియా నా చంకలో పిల్లాడి వైపు చూసింది. ఏదో అనబోయి మానుకుంది.

ఊళ్ళో అందరూ మమ్మల్ని ఏడిపించారు. "పట్నం కుక్కంట! తోడేలొస్తే లిఫ్టెక్కి పైకెళ్ళిపోతుందేమో చూసుకోండి." మా అత్తయ్య బాత్మా అయితే దాన్ని 'దొరగారు' అని పిలిచేది. "దొరగారికి టీ పోశావా అమ్మాయ్?"

జూన్‌లో కొండ మీద గుడారం వేసుకున్నాక ఒక తెల్లవారుజామున నాలుగు తోడేళ్ళు వచ్చాయి. బోజ్ ఒక్కటే ఎదురెళ్ళింది. తెల్లవారాక భుజం చీరుకుపోయి, మూతంతా నెత్తురుతో తిరిగొచ్చి, మందని ఒక చుట్టు చుట్టి, అప్పుడు పడుకుంది. ఒక్క గొర్రె పోలేదు. అత్తయ్య తన గిన్నెలోనే మాంసం పులుసు పోసి తీసుకెళ్ళి దాని ముందు పెట్టింది. ఆ తర్వాత దొరగారు అన్న మాట మా గుడారంలో వినపడలేదు.

ఆగస్టులో ఆ రోజు మెదెర్ పిండి కోసం గుర్రమేసుకుని కింది సంత ఊరు కొచ్‌కోర్ వెళ్ళాడు. మర్నాడు వస్తానన్నాడు. మధ్యాహ్నం టీ తాగుతుండగా మబ్బు దిగింది. కొండ మీద మబ్బంటే పైన ఉండేది కాదు, వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. మంచూ వానా కలిసి పడసాగాయి. దొడ్డి నలభై అడుగుల్లోనే ఉంది, కనపడటం లేదు. గుడారంలో దీపం పెట్టాల్సి వచ్చింది. తడిసిన ఉన్ని వాసన, పిడకల పొగ వాసన. అందులోనే ఇంకేదో వాసన... నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టు.

గొర్రెలు అరవడం మానేశాయి.

అప్పుడు బోజ్ మొరిగింది. తోడేలుకి మొరిగే మొరుగు నాకు తెలుసు. ఇది అది కాదు. గొంతు లోపలినుంచి, ఆపకుండా, ఎవరినో బతిమాలుతున్నట్టుంది.

"కుక్కని పట్టుకోండి!" అని బయట ఆడగొంతు.

కొండ మీద ఎవరింటికి ఎవరొచ్చినా వేసే కేకే అది. నేను బయటికెళ్ళాను. ముప్పై అడుగుల దూరంలో, మబ్బులో ఒక మనిషి. పొడుగాటి కోటు, తలకి గుడ్డ. బోజ్ ఆమెకీ గుడారానికీ మధ్య అడ్డంగా నిలబడింది. మెడ పట్టీ పట్టుకుని లాగాను. నామీద ఎప్పుడూ గుర్రుమనైనా అనని కుక్క, భుజంతో నన్ను గుమ్మం వైపు నెట్టింది. ఒళ్ళంతా వణుకుతోంది.

"అత్తయ్యా, ఇది రానివ్వట్లేదు."

"ఛ! కుక్క మొరిగిందని వానలో మనిషిని నిలబెడతామా? రేపు నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు. కట్టెయ్!"

గుర్రాన్ని కట్టే ఇనప మేకు దగ్గరికి ఈడ్చుకెళ్ళి, గొలుసు తగిలించాను. బోజ్ మొరగడం ఆపేసింది. నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆమె లోపలికొచ్చి, అతిథికిచ్చే చోట కూర్చుంది. ముప్పై ఏళ్ళుండొచ్చు. చక్కని మొహం. చేతులు రెండూ కోటు చేతుల్లోనే ఉన్నాయి. ఆ వానలో నడిచొచ్చిన మనిషి కోటు మీద ఒక్క చుక్క తడి లేదు.

"ఎవరమ్మాయివి తల్లీ?" అని అడిగింది అత్తయ్య.

"పైనుంచి వస్తున్నాను."

మా గుడారమే ఆఖరిది. పైన రాళ్ళు తప్ప ఏమీ లేదు.

"పైన ఎవరున్నారమ్మా?"

"ఉన్నాం."

అత్తయ్య రొట్టె తుంచి ఆమె ముందు పెట్టింది. నేను టీ పోశాను. ఆమె ముట్టుకోలేదు. "తిను తల్లీ, రొట్టె ముట్టకుండా లేవకూడదు," అంది అత్తయ్య.

"తర్వాత." పిల్లాడి ఉయ్యాల వైపే చూస్తోంది. "కుక్కని కట్టేశారుగా?"

"కట్టేశాం."

"గట్టిగానేనా?"

నేను ఉయ్యాల దగ్గరికి జరిగాను.

"అంతకుముందు ఇంటివాళ్ళూ కట్టేశారు," అంది ఆమె నెమ్మదిగా. "మంచివాళ్ళు."

బోజ్ ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అత్తయ్య చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. లేచి, పిల్లాణ్ణి ఉయ్యాల్లోంచి తీసి, తన గుండెకి హత్తుకుని కూర్చుంది. నావైపు చూసి పెదాలు కదిపింది. గొంతు రాలేదు గానీ నాకర్థమైంది. కుక్క.

"పొయ్యిలోకి పిడకలు తెస్తా," అంటూ లేచాను.

"వెళ్ళు," అంది ఆమె. "పిల్లాడికి నేనున్నాను."

బయట మేకు దగ్గర బోజ్ గొలుసుని బిగలాగి నిలబడి ఉంది. పట్టీ మెడలో దిగి, ఊపిరాడక గురగురమంటోంది. కొక్కెం మీద మంచు గడ్డకట్టింది. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. తిప్పాను... రాలేదు. మళ్ళీ తిప్పాను.

లోపల జోలపాట మొదలైంది. మా అత్తయ్య గొంతు కాదు.

"నిద్రపో తిలెక్... నిద్రపో..."

తిలెక్ మా పిల్లాడి పేరే. కానీ కొండెక్కినప్పటినుంచీ దిష్టి తగులుతుందని పిల్లాణ్ణి మేమెవ్వరం ఆ పేరుతో పిలవలేదు.

నడుముకున్న చాకు తీసి పట్టీ కొయ్యడం మొదలెట్టాను. తోలు మందం. కోస్తున్నాను... కోస్తున్నాను... పాట దగ్గరవుతున్నట్టుంది, పొయ్యికి అవతలినుంచి ఇవతలికి వస్తున్నట్టు. తోలు తెగింది. బోజ్ గుమ్మం వైపు వెళ్ళలేదు. గుడారం పక్కన కింది ఉన్ని తెరని తలతో లేపుకుని దూరిపోయింది.

పాట ఆగింది. మొరుగు లేదు. కేక లేదు. గిన్నె పడిన చప్పుడైనా లేదు.

 నేను గుమ్మంలోకి పరుగెత్తాను. అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, ఒంగి, పిల్లాణ్ణి చేతుల్లో పొదువుకుని కూర్చుంది. బోజ్ వాళ్ళిద్దరి మీదుగా నిలబడి ఉంది. ఇంకెవరూ లేరు. గుమ్మంలో నేనే ఉన్నాను, నన్ను దాటి ఎవరూ పోలేదు. మండుతున్న పొయ్యి పక్కన, ఆమెకి పోసిన టీ మీద అట్టలా మంచు పేరుకుంది.

"వెళ్ళిందా?" అంది అత్తయ్య, కళ్ళు తెరవకుండానే.

"వెళ్ళింది. ఏం జరిగింది?"

"నేను చూళ్ళేదమ్మాయ్. చూడలేకపోయాను."

తిలెక్ ఏడవలేదు. కళ్ళు విప్పి ఊరికే చూస్తున్నాడు.

మర్నాడు మెదెర్ వచ్చాక, ఫోను పలికే మెరక మీదికెక్కి లిడియాకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చిదానివనలేదు.

"రెండిళ్ళలోనూ పసివాళ్ళున్నారు," అంది. "నేను ఆరోజే చెప్పాల్సింది. చెబితే మీరు తీసుకెళ్ళరని..."

"మొదటివాళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు. వాళ్ళు దాన్ని కట్టెయ్యలేదు. ఎవరో రోజూ గేటు దగ్గరికొచ్చి పిలుస్తున్నారని భయపడి, తెచ్చి ఇచ్చేశారు."

"రెండోవాళ్ళు?"

ఫోన్లో ఆవిడ ఏదో తలుపు వేసిన చప్పుడైంది.

"రెండోవాళ్ళు కట్టేశారు," అంది లిడియా. "కుక్కని వదలడానికి వచ్చినప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరే వచ్చారు."

ఆ సాయంత్రం మెదెర్ బోజ్‌ని వెనక్కిచ్చేద్దామన్నాడు. "ఆ మనిషి కుక్క వెనకే తిరుగుతోంది సబీరా. కుక్క పోతే అదీ పోతుంది."

"కుక్క పోతే అది రాదని నువ్వు రాసిస్తావా?" అంది అత్తయ్య. "ఇంకో పసివాడి ఇంటికి తోలేస్తావా? ఇది నా కొడుకు లాంటిది. మళ్ళీ ఈ మాటెత్తితే నువ్వెళ్ళు పట్నం." గొలుసుని తనే తీసుకెళ్ళి ఏట్లో పారేసింది.

సెప్టెంబర్ చివర్లో ఊళ్ళోకి దిగాం. నెల గడిచింది. ఎవరూ రాలేదు. నేను మళ్ళీ కంటినిండా నిద్రపోతున్నాను. నిన్న మధ్యాహ్నం ఎండ బాగుందని, బోజ్ మెడ చుట్టూ ఉండకట్టిన బొచ్చుని వాకిట్లో కూర్చుని కత్తిరించాను. పట్టీ ఉండిన చోటుకి పైన, బొచ్చు కింద చర్మం మీద గుర్తులున్నాయి. మెడకి అటూ ఇటూ రెండు చేతులు. వేళ్ళు చర్మంలో దిగి పట్టుకున్నంత లోతుగా ఉన్నాయి. నా బొటనవేలంత కూడా లేవు ఆ వేళ్ళు. ఎవరో పసివాడు, తనని లాక్కుపోకుండా ఉండాలని దాన్ని పట్టుకుని వేలాడినట్టు... ముందు ఇళ్ళ నాటి పాతవి కావు. ఇంకా మానలేదు.

అత్తయ్య మాట్లాడకుండా తిలెక్‌ని తెచ్చి, కొలత చూద్దామని వాడి చెయ్యి పట్టుకుని ఆ గుర్తు దగ్గర పెట్టబోయింది.

వాడు గుప్పిలి బిగించాడు. తొమ్మిది నెలల పిల్లాడి గుప్పిలి. మా ఇద్దరివల్లా విప్పడం కాలేదు. వాడు ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ నవ్వాడు.

బోజ్ లేచింది. గేటు దాకా వెళ్ళి పడుకుంది. కాపలా కుక్క ఎప్పుడూ దారి వైపు చూస్తూ పడుకుంటుంది. అది ఇంటి వైపు, తిలెక్ ఉన్న వైపు తిరిగి పడుకుంది. ఇప్పటికీ అలాగే ఉంది. కన్ను మూయడం లేదు.