ఇనుప దొర నడక

శుక్రవారం ఉదయం. ఇల్లంతా ఉడుకుతున్న శనగల వాసన. వంటింట్లో జులీఖా వెడల్పాటి పళ్లెంలో కుస్కుసు, అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ పోసుకుని, నూనె రాసిన చేతులతో ఉండలు కట్టకుండా నలుపుతోంది. కిటికీ అవతల కాన్‌స్టంటీన్ ఊరి లోయ మీద పొగమంచు ఇంకా విడలేదు. ముందు గదిలో ఆమె కూతురు షహీనాజ్ సోఫా మూల కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో డ్రాయింగ్ ట్యాబ్లెట్ ఉంది.

"గాజు కోట" అనే కార్టూన్ సీరియల్ అంటే షహీనాజ్‌కి చిన్నప్పటి నుంచి ప్రాణం. అందులో లూలీ అనే పిల్ల ఉంటుంది, కోటకి కాపలా కాసే ఇనుప దొర ఉంటాడు. వాళ్లిద్దరినీ తీసుకుని ఈ అమ్మాయి సొంతంగా ఒక చిన్న కదిలే బొమ్మల కథ గీసింది. ఆ సీరియల్ అభిమానులు ఇలాంటివి గీసి నెట్‌లో పెట్టుకోవడం మామూలే. ఒక బొమ్మ గీస్తే అది అడుగున లేతగా కనిపిస్తూ ఉంటుంది. దాని మీద కాలు కొంచెం జరిపి ఇంకో బొమ్మ గీయాలి. మళ్లీ ఇంకొకటి. అన్నీ వరసగా తిప్పితే దొర నడుస్తాడు. ఆ నడక కోసం నెలల తరబడి కూర్చుంది. దొర వెతుక్కుంటూ వస్తాడు, లూలీ అల్మరాలో దాక్కుంటుంది, దొర అల్మరా ముందు నిలబడతాడు. అక్కడిదాకా పూర్తిచేసి, పోయిన వారం మారుపేరుతో నెట్‌లో పెట్టింది.

అది ఊళ్లు దాటి పోయింది. చూసినవాళ్లు రకరకాలుగా ఒకే మాట రాశారు. "ఆ దొర నడుస్తుంటే వెన్నులో చలి పుట్టింది. అలాంటి నడక ఎక్కడ చూశావు?" అని.

ఊహించి గీశానని జవాబు రాసింది షహీనాజ్. నిజంగా అలాగే అనుకుంది.

నడవాలో తండ్రి గది తలుపు చప్పుడైంది. ఆమె తలెత్తకుండానే ఊపిరి బిగబట్టింది. అది అలవాటు. అమ్మార్ దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చుని కుడి భుజం కిందికి వాలిపోయింది. మడమ నేలకి ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రెండో అడుగు వేస్తాడు. స్నానాల గది ముందు ఆగి, గుమ్మాన్ని అరచేత్తో రెండుసార్లు నిమిరి లోపలికి వెళ్లాడు.

షహీనాజ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. తెర మీద ఇనుప దొర. వాలిన భుజం. ఆగి ఆగి పడే అడుగు. అల్మరా చెక్కని రెండుసార్లు నిమిరే అరచెయ్యి.

లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

"యమ్మా, ఇది చూడు."

"చేతులు నూనె. నువ్వే పట్టుకుని చూపించు."

జులీఖా చూసింది. సగం దాకా నవ్వుమొహంతోనే చూసింది. తర్వాత ఆమె వేళ్లు కుస్కుసులోనే ఉండిపోయాయి.

"తీసెయ్," అంది గొంతు తగ్గించి. "ఆయన బయటికి వచ్చేలోపు తీసెయ్."

"తీసేసినా లాభం లేదు. ఎంతమందో దించుకుని దాచుకున్నారు."

"కాలేజీ పని అని కదే నాకు చెప్పావు!"

"నాకే తెలీదు యమ్మా. ఇప్పుడే, ఈ నిమిషంలోనే తెలిసింది. చెయ్యి దానంతటదే గీసేసింది."

"చెయ్యి గీసిందట! బుర్ర ఎక్కడ పెట్టావు మరి?" అని, గుమ్మం వైపు చూసి జులీఖా ఇంకా నెమ్మదిగా అంది, "ఏనాడైనా ఆయన మనమీద చెయ్యి ఎత్తాడా? నువ్వే చెప్పు."

ఎత్తలేదు. అది నిజమే. షహీనాజ్‌కి తొమ్మిదేళ్లప్పుడు ఆయన కోపానికి నడవా తలుపు అద్దం పగిలింది. తర్వాత ఒక రేడియో పోయింది. ఒక కుర్చీ విరిగింది. ఆ కోపం మనుషుల మీద మాత్రం ఎప్పుడూ పడలేదు. పడలేదు కాబట్టే, ఈసారి పడుతుందేమోనని ప్రతిసారీ ఎదురుచూడాల్సి వచ్చేది.

అమ్మార్ తెల్ల జుబ్బా వేసుకుని మసీదుకి బయల్దేరాడు. "అక్క భోజనానికి వస్తోంది. మజ్జిగ చల్లగా ఉంచండి," అని మాత్రం చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆ మాట కూడా మామూలుగానే చెప్పాడు. అయినా తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అమ్మార్ అక్క హూరియా ఐదంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"ఈ బిల్డింగులో లిఫ్టు బాగయ్యేలోపు నన్ను ఈ మెట్ల మీదే ఖననం చేస్తారు. జులీఖా, మంచినీళ్లు! ఏమే షహీనాజ్, మొహం అలా తెల్లబోయిందేం? పెళ్లిచూపులా ఏంటి?"

"ఏం లేదు అత్తయ్యా."

"ఏం లేకపోతే ఇటు కూర్చో. మావాడు ఫోన్‌లో ఒకటి పెట్టిచ్చాడు, నవ్వలేక చచ్చాను." హూరియా కళ్లజోడు తగిలించుకుంది. "ఏదో కార్టూను. ఇందులో కాపలావాడు అచ్చం మా అమ్మారే! ఆ భుజం చూడు. ఆ ఈడ్చుడు చూడు. ఎవడు గీశాడో గానీ వీడి బస్సెక్కినవాడే అయ్యుంటాడు!"

ఎవరూ నవ్వలేదు. జులీఖా నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. హూరియా మరదలిని చూసింది, మేనకోడలిని చూసింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నువ్వా?" అంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఎవరు అచ్చం నాలా ఉన్నారు?" అమ్మార్ చెప్పులు విడుస్తూ అడిగాడు. "మెట్ల దాకా వినబడుతోంది అక్కా నీ గొంతు."

"ఏం లేదురా. పిల్లలాట. ముందు భోజనం చెయ్యి."

"ఇలా ఇవ్వు."

"ఒరేయ్, ఆకలేస్తోందంటే..."

"ఇవ్వమన్నానా."

కోపం లేదు గొంతులో. ఆ నెమ్మదే షహీనాజ్‌కి తెలిసిన గుర్తు. ఆమె గోడకి ఆనుకుంది. తలుపు ఎంత దూరంలో ఉందో, మధ్యలో ఏ కుర్చీ అడ్డం ఉందో చూసుకుంది. ట్యాబ్లెట్‌ని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది.

అమ్మార్ నిలబడే చూశాడు. చిన్న తెర మీద దొర నడిచాడు, ఆగాడు, చెక్కని నిమిరాడు. లోపల దుప్పట్ల మధ్య లూలీ స్వెటర్ చెయ్యి పళ్ల మధ్య కొరికి పట్టుకుంది. అయిపోయింది.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

హూరియా పెట్టింది. ఈసారి అతను సోఫాలో కూర్చున్నాడు. పళ్లెంలో కుస్కుసు చల్లారిపోతోంది.

"ఎవరు గీశారు?"

"నేను, బాబా." షహీనాజ్‌కి తన గొంతు తనకే వినబడలేదు. మళ్లీ చెప్పింది, "నేనే."

అమ్మార్ ఆమె వైపు చూడలేదు. అక్క వైపు తిరిగాడు.

"దీనికి నువ్వు చెప్పావా?"

"ఏం చెప్పాను?"

"ఆ రోజు సంగతి. మనిద్దరం తప్ప ఎవరికీ తెలియదు. అల్మరా, దుప్పట్లు, అన్నీ ఉన్నాయి ఇందులో." అతని వేలు తెర మీద లూలీని చూపించింది. "ఇది నేను అక్కా. ఈ పిల్ల నేనే. తెల్లవారుజామున మెట్ల మీద బూట్లు వినిపిస్తే మనం అల్మరాలో దూరాం. ఏడవకుండా ఉండాలని స్వెటర్ చెయ్యి కొరుక్కున్నాను. ఇదిగో, ఇలాగే. నాన్నని తీసుకెళ్లేదాకా వదల్లేదు."

దేశంలో మనుషుల్ని మనుషులు చంపుకున్న ఆ చెడ్డ సంవత్సరాల్లో తాతగారు పోయారని మాత్రమే షహీనాజ్‌కి తెలుసు. ఎలా పోయారని ఆ ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

"నేను చెప్పలేదురా," అంది హూరియా. "ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా."

"మరి ఎలా గీసింది? అంత భయం ఎక్కణ్నుంచి తెచ్చింది?"

షహీనాజ్ ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. అత్తయ్య చెప్పిందనో, ఎక్కడో చదివాననో అంటే సరిపోతుంది. తండ్రి కళ్లు తుడుచుకుంటాడు, భోజనాలు అవుతాయి, రేపు మళ్లీ నడవాలో ఆ అడుగులు వినబడతాయి. షహీనాజ్ నోరు తెరిచింది. ఆ అబద్ధం నాలుక మీద దాకా వచ్చింది కూడా.

"ఆ పిల్ల నువ్వు కాదు బాబా," అంది. "నేను. అది మన నడవాలోని అల్మరా."

"నువ్వు ఎందుకు దాక్కుంటావు? మన ఇంటికి ఎవరొచ్చారు?"

ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

"చెప్పు. ఎవరొచ్చారు? నేనుండగా ఎవడొచ్చాడు మన ఇంటికి?" అమ్మార్ గబుక్కున లేచి ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఎవడో తన బిడ్డని భయపెట్టాడన్న ఆవేశంతో వేసిన అడుగు అది.

షహీనాజ్ వెనక్కి జరిగింది. తల గోడకి తగిలింది. మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, స్వెటర్ చెయ్యి పళ్లతో పట్టుకుంది.

అమ్మార్ ఉన్నచోటే ఆగిపోయాడు. ఆ చేతిని చూశాడు. గోడని చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"నడిచేవాడు..." అన్నాడు. "అక్కా, ఆ నడిచేవాడు ఎవడు?"

హూరియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన నడక ఎలా ఉంటుందో ఎవరూ చూసుకోలేరు. అతనికి అది చూపించినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

"నేను మిమ్మల్ని ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు," అన్నాడు అమ్మార్. అరుపులా మొదలై చివరికి ప్రాధేయపడినట్టు అయింది. "జులీఖా, నువ్వు చెప్పు."

జులీఖా గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టేటప్పుడు అది బల్లకి తగిలి చప్పుడైంది.

"వెయ్యలేదు," అంది. "కానీ నీ అడుగు మెట్ల మీద వినబడగానే నేను పొయ్యి ఆర్పేస్తాను. చేతిలో వేడిది ఏదీ ఉండకూడదని. పెళ్లైన ఏడాది నుంచీ అంతే. నీకు చెప్పలేదు. నాకు భయం."

అమ్మార్ నేల మీద కూలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడిచాడు. చప్పుడు లేకుండా, నోరు గట్టిగా మూసుకుని ఏడిచాడు. అలా ఏడవడం అతనికి ఎవరు నేర్పారో గదిలో ఉన్న అందరికీ ఇప్పుడు తెలుసు.

హూరియా తమ్ముడి పక్కన చతికిలబడి అతని తల తన భుజానికి ఆనించుకుంది. "చాలురా," అంది. "ఆ బూట్లవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు."

షహీనాజ్‌కి భయం పోలేదు. ఏడుస్తున్న తండ్రిని ఆమె ఎప్పుడూ చూడలేదు, అది ఇంకో రకం భయంగా ఉంది. అయినా తలుపు వైపు వెళ్లలేదు. గోడకి ఆనుకునే మెల్లగా కిందికి జారి కూర్చుంది. అతను చెయ్యి చాపినా అందనంత దూరంలో, కానీ అదే నేల మీద.

చాలాసేపటికి అమ్మార్ తలెత్తాడు. దగ్గరికి రాలేదు. రమ్మని పిలవలేదు.

"తర్వాత ఏమవుతుంది?" అని అడిగాడు. "ఆ పిల్ల బయటికి వస్తుందా?"

"తెలీదు బాబా. ఇంకా గియ్యలేదు."

అతను తలూపాడు. కళ్లు మళ్లీ నిండాయి.

"తొందరపెట్టకు," అన్నాడు. "దానికి రావాలనిపించినప్పుడే రానివ్వు. వాణ్ని మాత్రం ముందు అక్కణ్నుంచి పక్కకి జరుపు."