డెనిస్ ఊరి పేరు

చీకటి పడ్డాక ఆ పాత ఐరిష్ సమాధుల వైపు కుక్కని కూడా తిప్పరట. ఈ పరాయి దేశంలో, పెండిల్ హిల్‌లో మా ఇంటి నుంచి కారులో అరగంట. రాళ్ల మధ్య ఎవరో గొణుగుతుంటారని చెప్పుకుంటారు.

మా పెరట్లోని చిన్న విడి ఇంట్లో, అదే గ్రానీ ఫ్లాట్‌లో అద్దెకుండే ప్రశాంత్ అక్కడికే వెళ్లాడు — రాత్రి తొమ్మిదింటికి!

పక్కింటి నోరీన్ కోసం, పాపం. ఆవిడకి ఎనభై రెండు. ఆవిడ తాతకి తాత డెనిస్, నూట డెబ్భై ఏళ్ల కిందట ఐర్లండ్‌లో ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. ఏ ఊరివాడో ఏ కాగితంలోనూ లేదు. సమాధి రాయి మీద ఉంది గానీ, అరిగిపోయింది. ఆవిడకేమో శుక్రవారం ఐర్లండ్‌కి విమానం. ఊరి పేరు తెలీకుండా దిగి, ఎటని వెళ్తుంది?

చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే అరిగిన అక్షరాలకి నీడలు లేస్తాయని ఎవరో చెప్పారు.

"ఎనిమిదికల్లా అక్కడికి వెళ్లి ఫొటో తీస్తాను ఆంటీ" అన్నాడు ప్రశాంత్. ఆఫీసులో మీటింగట... ఆలస్యమైంది.

గేటు తోశాడు. నాలుగడుగులు వేసి — ఆగిపోయాడు.

మసక వెన్నెల్లో, డెనిస్ రాయి దగ్గర, తెల్లగా ఏదో... మోకాళ్ల మీద కూర్చుని... రాయిని నిమురుతోంది.

"బీ... ఏ... ఎల్... ఎల్..."

ముసలి గొంతు.

ఆ తెల్లది మెల్లగా తల తిప్పింది.

"ఏరా ప్రశాంత్... ఇదా ఎనిమిది?"

ఐరిష్ దెయ్యం తెలుగు మాట్లాడుతోందనుకున్నాడు కాబోలు! ఎడమ కాలి బూటు అక్కడే వదిలేసి ఒకటే పరుగు.

ఆ తెల్లచీర నాదే.

వీడి కోసం చూసి చూసి, నోరీనూ నేనూ ఆవిడ కారులో వచ్చేశాం. తీరా వస్తే టార్చి బ్యాటరీ అయిపోయింది. నాకు అరవై దాటాక మనవరాలు భానుశ్రీ పళ్లెంలో బియ్యం పోసి, వేలితో దిద్దించి ఏబీసీడీలు నేర్పింది. అందుకేనేమో, కంటికి ఆనని అక్షరం నా వేలికి తెలుస్తుంది. నేను తడిమి తడిమి చెప్తుంటే, నోరీన్ ఒక్కొక్కటీ కూడబలుక్కుంది.

బ్యాలీడరీన్!

రాయిని కావిలించుకుని ఏడ్చేసింది పిచ్చితల్లి.

పొద్దున్నే బూటు పట్టుకెళ్లి ప్రశాంత్ తలుపు కొట్టాను.

"నన్ను చూసి జడుసుకుంటావుట్రా, సన్నాసీ?"

వాడు నవ్వలేదు. బూటూ అందుకోలేదు.

"మాట వినగానే మిమ్మల్ని గుర్తుపట్టాను మామ్మగారూ. నోరీన్ ఆంటీనీ గుర్తుపట్టాను. మరి... మీ ఇద్దరి వెనకాల, టోపీ తీసి చేత్తో పట్టుకుని నించున్న ఆ పెద్దాయన ఎవరు?"